ఆ ప్యాకేజీలో అమ్మకు చోటుందా?

ఇంటర్వ్యూ అయిపోయే ముందు హెచ్‌ఆర్ వాళ్లు ఒక మాట అంటారు: ‘మీరేమైనా అడగాలనుకుంటున్నారా?’ మనలో చాలామంది నవ్వేసి ‘ఏం లేదు సర్’ అంటాం. కాస్త ధైర్యం ఉన్నవాళ్లు పోస్టింగ్ ఎక్కడ, బాండ్ ఎన్నేళ్లు, చేతికి ఎంతొస్తుంది అని అడుగుతారు. ‘మెడికల్ ఇన్సూరెన్స్‌లో మా అమ్మానాన్నలకు చోటుందా?’ అని అడిగిన ఫ్రెషర్లు నాకు పెద్దగా తారసపడలేదు. నా అభిప్రాయంలో ఈ ప్రశ్న సీటీసీ ఎంత అన్న ప్రశ్నకు ఏమాత్రం తక్కువ కాదు. ఎందుకంటానో చెప్పాలంటే మా అమ్మ గురించి చెప్పాలి.

అమ్మ బోధన్ పక్క ఊళ్లలో కాంట్రాక్ట్ ఏఎన్‌ఎంగా పనిచేసింది. ఊళ్లో అందరికీ సిస్టరమ్మ. బుధ, శనివారాలు టీకాలు. మిగతా రోజులు గర్భిణులు, బాలింతలు, బీపీ, షుగర్, టీబీ మందులు. చెరుకు కొట్టే సీజన్ వస్తే పని రెట్టింపయ్యేది. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన కూలీలు చేల గట్ల మీద గుడిసెలు వేసుకునేవాళ్లు. వాళ్ల పిల్లలు ఏ ఊరి లెక్కలోనూ ఉండరు. అమ్మ మాత్రం ఐస్ బాక్స్ భుజాన వేసుకుని, వచ్చీరాని మరాఠీలో మాట్లాడుతూ గుడిసె గుడిసెకీ తిరిగేది. ‘మన ఊరోళ్లు కాకపోతే వాళ్లు పిల్లలు కారా?’ అనేది.

ఎంత రాత్రయినా ఆ రోజు రిజిస్టర్ ఆ రోజే రాసేది. ‘రాయకపోతే చేయనట్టే బిడ్డా’ అనేది. నేను ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. టెక్నాలజీ మీద బ్లాగులు రాస్తుంటాను. డాక్యుమెంటేషన్ గురించి ఏ ట్రైనింగ్‌లోనూ ఇంతకంటే మంచి పాఠం వినలేదు. నేను చూసిన మొదటి ప్రొఫెషనల్ మా అమ్మే.

అలాంటి మనిషి పేరు ఏ రిజిస్టర్‌లోనూ లేదు. ఊళ్లో ఆడవాళ్లకు ‘గడ్డ కనిపిస్తే దాచొద్దు’ అని చెప్పిన అమ్మ, తన రొమ్ములో గడ్డ ఉన్న సంగతి దాదాపు ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. తెలియక కాదు. ముందు నా సెమిస్టర్ ఫీజు, తర్వాత చెల్లి ఎంసెట్, ఆ తర్వాత నాన్న బోరు. ‘మీ పరీక్షలు కానీ, అప్పుడు చూపిచ్చుకుంటలే’ అనుకుంది. బయటపడేసరికి నేను ఇంజినీరింగ్ మూడో ఏడాది. నాకు ఉద్యోగం వచ్చిన తొమ్మిది నెలలకు అమ్మ పోయింది.

ఒక్క మా ఇంటి కథ కాదు

గ్లోబోకాన్ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1.92 లక్షల మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అదే ఏడాది దాదాపు 98 వేల మంది దానితో చనిపోయారు. అమెరికాలో రొమ్ము దాటకముందే కనిపెట్టిన కేసుల్లో అయిదేళ్ల తర్వాత బతికి ఉండేవాళ్లు 99 శాతం. వేరే అవయవాలకు పాకాక కనిపెడితే మూడో వంతు కూడా ఉండరు. జబ్బు అదే. తేడా ఎప్పుడు కనిపెట్టారన్న దాంట్లో ఉంది. మన దగ్గర ఎక్కువమంది ఆలస్యంగానే ఆస్పత్రికి చేరుతున్నారు.

దీన్ని అవగాహన లేకపోవడం అని తేల్చేయడం సులువు. నేను ఒప్పుకోను. అవగాహన కల్పించడమే ఉద్యోగంగా ఉన్న మనిషి కూడా వాయిదా వేసింది కదా! అసలు సమస్య టైము, డబ్బు, సెలవు. ఇంట్లో ఈ మూడూ ముందు పిల్లలకు, తర్వాత పొలానికి, మిగిలితే అమ్మకు. మన జిల్లా సంగతే చూడండి. శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద ఫ్యాక్టరీగా పేరు పొందింది. 2015 డిసెంబర్‌లో అది మూతపడ్డాక ఈ చెరుకు పట్టీలో ఎన్నో ఇళ్లకు అమ్మ సంపాదనే ఆసరా అయింది. బీడీలు చుట్టే అమ్మలు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశాలు, కుట్టు మిషన్ మీద ఇల్లు నడిపేవాళ్లు. మన బీటెక్ ఫీజుల్లో, అమీర్‌పేట కోచింగుల్లో వాళ్ల సెలవులు, వాళ్ల చెకప్పులు కలిసి ఉన్నాయి.

చదువుకున్న ఇళ్లకూ, డబ్బున్న ఇళ్లకూ ఇది రాదని కాదు. ఎన్టీఆర్ భార్య బసవతారకం 1985లో క్యాన్సర్‌తోనే కన్నుమూశారు. ఆమె పేరుతో హైదరాబాద్‌లో కట్టిన ఆస్పత్రి 2000లో మొదలైంది. గైనకాలజిస్ట్ డాక్టర్ ఉషాలక్ష్మికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. బ్రిటన్‌లో సర్జన్‌గా ఉన్న ఆమె కుమారుడు డాక్టర్ రఘురామ్ 2007లో హైదరాబాద్ తిరిగొచ్చి, అమ్మ పేరుతో రొమ్ము వ్యాధుల కేంద్రం ప్రారంభించారు. యూట్యూబ్ సీఈఓగా చేసిన సూసన్ వొజిసికీ అయిదుగురు పిల్లల తల్లి. పొగ తాగే అలవాటు లేకపోయినా ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2024లో, 56 ఏళ్లకే చనిపోయారు. మనం ఆస్పత్రులు కట్టలేం. కానీ అమ్మ పరీక్ష వాయిదా పడకుండా చూడగలం.

‘ఉద్యోగమే లేదు, ఇన్సూరెన్స్ ఎక్కడిది?’

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. న్యాయమైనదే. అందుకే పైసా ఖర్చు లేని పనితో మొదలుపెడదాం. 30 ఏళ్లు దాటిన మహిళలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ఉచిత స్క్రీనింగ్ కార్యక్రమం ఉంది. రొమ్మును శిక్షణ పొందిన సిబ్బంది చేత్తో చూస్తారు. అనుమానం ఉంటే పై ఆస్పత్రికి రాస్తారు. మీ ఊరి ఆశా వర్కర్‌ను అడిగితే ఏ రోజు వెళ్లాలో చెబుతుంది. తేలితే చికిత్సకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబర్ నుంచి దాని పరిమితి కుటుంబానికి 10 లక్షల రూపాయలు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి 1955 నుంచీ ఉంది.

అయితే ఆపరేషన్‌కు, కీమోకు డబ్బులు పథకం నుంచి వచ్చినా, వైద్యం మొత్తం ఉచితంగా జరిగిపోదు. బోధన్ నుంచి హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. చాలా కీమో మందులు మూడు వారాలకొకసారి ఎక్కిస్తారు. రేడియేషన్ అయితే వారానికి అయిదు రోజుల చొప్పున కొన్ని వారాలు. అన్నాళ్లూ రూము అద్దె, తిండి, తోడుండే మనిషి పోగొట్టుకునే కూలి ఏ పథకంలోనూ రావు. మా ఇంట్లో అప్పులు పెరిగింది అక్కడే. నా మొదటి కంపెనీ పాలసీలో ఉద్యోగికి మాత్రమే కవరేజీ. అమ్మ పేరు ఎక్కించే వీలే లేదు.

ఆఫర్ లెటర్‌లో ఏం చూడాలి?

ఒకటి, ఈఎస్‌ఐ. మొదటి ఉద్యోగాల్లో చాలావాటికి జీతం 20 వేల దగ్గరే ఉంటుంది. ఈఎస్‌ఐ వర్తించే సంస్థలో నెల జీతం 21 వేల లోపుంటే మీ జీతంలో 0.75 శాతం కోస్తారు, కంపెనీ 3.25 శాతం కడుతుంది. ‘ఈ కటింగ్ ఏంట్రా’ అని విసుక్కుంటాం. కానీ మీ మీద ఆధారపడి, నెలకు 9 వేలకు మించి ఆదాయం లేని తల్లిదండ్రులకూ అందులో వైద్యం దొరుకుతుంది. పెద్ద చికిత్సలకు కొంతకాలం చందా కట్టి ఉండాలి. కాబట్టి చేరిన వారంలోనే వాళ్ల పేర్లు, ఆధార్ నంబర్లు ఎక్కించండి.

రెండు, గ్రూప్ ఇన్సూరెన్స్. జీతం అంతకంటే ఎక్కువైతే కంపెనీ పాలసీ ఉంటుంది. తల్లిదండ్రులు అందులో ఉంటారా, ఉంటే ప్రీమియం ఎవరు కట్టాలి, ఎంత మొత్తానికి, పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా అని అడగండి. చాలాచోట్ల చేరిన కొద్ది రోజుల్లోనే పేర్లు ఇవ్వాలి. ఆ గడువు దాటితే మళ్లీ రెన్యువల్ దాకా ఆగాలి. నెలకు కొన్ని వందలు మిగులుతాయని ‘పేరెంట్స్ వద్దు’ అని టిక్ పెట్టేయకండి.

మూడు, సొంత పాలసీ. కంపెనీలో వీలు కాకపోతే అమ్మానాన్నలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే విడిగా తీసుకోవాలి. ముందే ఉన్న జబ్బులకు ఇప్పుడు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా మూడేళ్లు. క్యాన్సర్ అని తేలాక కొత్త పాలసీ దొరకడం చాలా కష్టం.

రెండు ఆఫర్లు చేతిలో ఉండి ఒకదాంట్లో జీతం నెలకు రెండు వేలు తక్కువ, కానీ తల్లిదండ్రులకు మంచి కవరేజీ ఉంటే నేను దాన్నే ఎంచుకోమంటాను. ఆ రెండు వేలతో బయట అంతటి కవరేజీ కొనగలమేమో లెక్కేసి చూడండి.

కంపెనీలకూ ఒక మాట. చిన్న ఊళ్ల నుంచి వచ్చే పిల్లల మీద ఇల్లు ఆధారపడి ఉంటుంది. ఫ్రెషర్ అంటే భార్యాపిల్లలు లేని ఒంటరి మనిషి అనుకుని పాలసీలు రాయడం మానాలి. తల్లి కీమో కోసం సెలవడిగితే ‘కమిట్‌మెంట్ తక్కువ’ అని రేటింగ్ తగ్గించడం అంతకంటే ముందు మానాలి.

ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు ఒకటే చెబుతాను. ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఆదివారం కాకుండా ఒక పనిరోజు ఉండేలా చూసుకోండి. అమ్మను మీరే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. ‘నాకేమైంది, బానే ఉన్న కదా’ అంటుంది. ‘నీ ఉద్యోగం రానీ, అప్పుడు పోదాం’ అని కూడా అంటుంది. ఉద్యోగం దాకా ఆగొద్దు. పరీక్ష అయ్యాక తేదీ, వాళ్లు చెప్పింది ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో ఆ పక్కనే రాయండి.