పెరటి పద్దు: చల్లదనం ఆస్తి, నీళ్ళు అప్పు

కోస్తా నుంచీ, రాయలసీమ నుంచీ వచ్చి దేవనహళ్ళి వైపు ఇల్లు కట్టుకున్న మనవాళ్ళు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఇక్కడ ఏ పూల మొక్కలు బాగా వస్తాయండీ?"

దానికి జవాబు తేలికే. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న నేల ఇది. మామూలు సంవత్సరాల్లో ఏప్రిల్ పగలు 34 డిగ్రీల దరిదాపు, జనవరి రాత్రి 15. విజయవాడ ఎండకు వాడిపోయే జెరేనియం, బిగోనియా, హైడ్రేంజియా ఇక్కడ కాస్త నీడ చూపిస్తే హాయిగా పెరుగుతాయి. గులాబీని జూన్‌లో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఒకసారి కత్తిరించుకోవచ్చు. మన మల్లెకు మాత్రం వేడి కావాలి. దాన్ని ఎండ బాగా తగిలే గోడ పక్కన పెట్టండి.

బ్యాంకులో అప్పు అడగడానికి వచ్చినవారి ఆస్తి చూసి ఊరుకోము, రాబడి కూడా చూస్తాం. అలాగే చల్లదనం మన ఆస్తి అనుకుంటే, నీళ్ళ రాబడి ఏమిటన్నది రెండో ప్రశ్న. నెల్లూరును తడిపే పెన్న పుట్టింది మా పక్కనున్న నంది కొండల్లోనే. అయినా ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ మాకు లేదు. బోరు నీరంటే భూమి దగ్గర చేసే అప్పే. వాన పడితేనే అది తీరుతుంది. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగేనీటిని తోటలకు వాడరాదని, వాడితే 5,000 రూపాయల జరిమానా అని ఉత్తర్వు ఇచ్చింది. తోట పెట్టేవారు ఆ వేసవిని మరిచిపోకూడదు.

మరి తోట మానుకోవాలా? అక్కర్లేదు. పద్దు సరిగ్గా రాసుకుంటే చాలు.

జమ వైపు చూద్దాం. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 900 లీటర్ల పైచిలుకు నీరు వస్తుంది. ఒక గొట్టం, ఒక తొట్టి ఉంటే చాలావరకు దక్కుతుంది. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు రోజూ వచ్చే చిల్లర జమ. కుండీలో మట్టిపైన ఎండుటాకులు పరిస్తే తడి త్వరగా ఆరదు, అది పొదుపు.

ఖర్చు వైపు మొక్కల ఎంపిక ఉంది. కాగితం పూలు, దేవగన్నేరు, నందివర్ధనం, నూరు వరహాలు వేళ్ళూనుకున్నాక తక్కువ నీటితో బతుకుతాయి. కాగితం పూల తీగకు నీళ్ళు ఎక్కువైతే ఆకులే వస్తాయి, పూలు రావు. హైడ్రేంజియా లాంటి దాహం మొక్కలు ఒకటి రెండు కుండీలు చాలు. దాని నీలం రంగుకు పుల్లటి మట్టి కావాలి. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువైతే గులాబి రంగుకు తిరుగుతుంది. చెట్టు పాడైందని కంగారు పడకండి.

లాల్‌బాగ్‌ను 1908 నుంచి 1932 వరకు చూసుకున్న క్రుంబీగల్ గారు బెంగళూరు వీధుల్లో ఏడాది పొడుగునా ఏదో ఒక చెట్టు పూసేలా వరుస కట్టి నాటించారు. ఆ పద్ధతి మన వాకిటికీ పనికొస్తుంది. వేసవికి కాగితం పూలు, మల్లె. వానలకు కాశీరత్నం, గోరింటపూలు. దసరా, దీపావళికి బంతి, చేమంతి. చలికి డిసెంబరు పూలు, ఎర్రటి పాయిన్‌సెట్టియా. అన్నీ ఒకేసారి పూయాలనుకుంటే నీళ్ళ ఖర్చూ ఒకేసారి మీద పడుతుంది.

ఇంకో చిన్నమాట. చేమంతికీ, పాయిన్‌సెట్టియాకూ మొగ్గ రావాలంటే పొడుగాటి చీకటి రాత్రులు కావాలి. వరండా దీపం తెల్లవార్లూ వెలిగే చోట వాటిని పెట్టకండి. పక్కింటి చేమంతి పూసి మనది పూయకపోతే, ఎరువు మార్చే ముందు దీపం సంగతి చూడండి.

కనకాంబరం ఇష్టపడేవారు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన రకాల గురించి నర్సరీలో అడగండి. కొనేముందు మాత్రం ఇంట్లో రోజుకు ఎన్ని బకెట్ల వాడిన నీళ్ళు మిగులుతున్నాయో వారం రోజులు లెక్క రాయండి. ఆ లెక్క ఎన్ని కుండీలకు సరిపోతే అన్నే మన తోట. వచ్చే సంచికలో గులాబీ కత్తిరింపు గురించి వివరంగా చెప్పుకుందాం.