తొలి గీతలు పారేయకండి

పీటీ రెడ్డి తాంత్రిక చిత్రాలు చూసి, ఈయనకు మనిషి ముఖం గీయడం వచ్చా అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. వచ్చు, బాగా వచ్చు. కరీంనగర్ పల్లె అన్నారంలో 1915లో పుట్టిన పాకాల తిరుమలరెడ్డి, బొంబాయి జేజే స్కూల్లో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ముక్కు, దవడ, చెంప మీది వెలుగునీడలు కొలిచి గీయడం నేర్చిన తరంవాడు. 1941లో బొంబాయిలో కొత్తదారి చిత్రకారుల బృందం కట్టింది ఆ విద్య చేతికొచ్చాకే. ముఖాలను ముక్కలు చేసి గీసిన పికాసో కూడా అంతే. పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో, 1896లో, తల్లిని పాస్టెల్‌తో గీశాడు: వాల్చిన కళ్లు, తెల్ల రవిక, ఎక్కడా తడబాటు లేదు. ఆయన చిన్ననాటి బొమ్మలు అన్ని మిగిలాయంటే బార్సెలోనాలో ఇంటివాళ్లు దాచబట్టే. 1970లో వాటిని అక్కడి మ్యూజియానికి ఇచ్చేశాడు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో నాయనమ్మ ముఖాన్ని పెన్సిల్‌తో గీసే పిల్ల రేపు ఆ ముఖాన్నే ముక్కలు చేసి గీయొచ్చు. అప్పుడు ఆమె ఎక్కడ మొదలైందో చూపేది ఈ కాగితమే. పాత పేపర్లతో కలిపి తూకానికి వేయకండి, వెనక పేరు, తేదీ రాసి దాచండి. మూడు జిల్లాల గ్రంథాలయాలూ వీటికో బీరువా కేటాయించాలి, ఈ ఏడాదే.