కన్నీళ్లకూ ఒక ఊరుంటుంది

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక పాటల దండ. 'వయసు మళ్లిన శ్రోతలకు పాత జపాన్ విరహ గీతాలు' అని పేరు పెట్టి, యూట్యూబ్‌లో ఎవరో గంటన్నర సేపు వరుసగా గుచ్చి పెట్టారు. వాన పడుతున్న వీధి బొమ్మ, అందులో ఒక ఎర్ర లాంతరు. ఏ పాట ఎవరు పాడారో లేదు. ఎవరు రాశారో, ఎవరు బాణీ కట్టారో అసలే లేదు. 'వింటూ హాయిగా నిద్రపోవచ్చు' అని మాత్రం ఉంది. వివరణలో చిట్టచివర, కళ్లు చికిలిస్తే తప్ప కనబడని చోట, కొన్ని గొంతులు యంత్రంతో తయారుచేసినవని రాశారు.

ఈ శీర్షిక చదివేవారికి ఎన్కా అనే ఈ జపాన్ పాటలు కొత్త కాదు, వాటి మీద నా అభిమానమూ కొత్త కాదు. ఆ పాటల్ని ముసలివాళ్లకు నిద్రమాత్రల్లా పంచిపెడితే చూస్తూ ఊరుకోలేను. అవి నిద్రపుచ్చడానికి పుట్టినవి కావు. ఒక తరం ఏ ఊరు వదిలింది, ఏ రైలెక్కింది, ఏ రేవు దాటింది అన్నది వాటిలో ఉంది.

1977లో ఇషికావా సయురి పాడిన 'త్సుగారు కైక్యో ఫుయుగెషికి' తీసుకోండి. రాసింది అకు యూ, సంగీతం మికి తకాషి. ప్రేమించిన మనిషికి దూరమైన ఒక స్త్రీ టోక్యోలోని ఉయెనో స్టేషన్లో రాత్రి రైలెక్కుతుంది. ప్రధాన దీవి ఉత్తరపు కొసన ఉన్న అవొమోరిలో దిగి, త్సుగారు జలసంధి దాటే ఓడెక్కి, హొక్కయిడో వైపు వెళ్లిపోతుంది. కథ అంతే. అతనెవరో, ఎందుకు విడిపోయారో, తప్పెవరిదో ఒక్క ముక్క ఉండదు. స్టేషను, మంచు, ఓడ, సముద్రం ఉంటాయి. ఆమె గుండెలో ఏముందో వర్ణించడం మానేసి, ఆమె ఏ దారిన పోయిందో చెప్పాడు అకు యూ. విరహం మీద రాసే ప్రతి కవీ ఆ పాట దగ్గర కూర్చుని నేర్చుకోవాలంటాను.

ఆ దారి విన్నవాళ్లందరికీ తెలిసిందే. 1954 నుంచి 1975 దాకా, బడి చదువు అయిపోయిన పదిహేనేళ్ల పిల్లల్ని ఈశాన్య జపాన్ పల్లెల నుంచి ప్రత్యేక రైళ్లలో టోక్యో ఫ్యాక్టరీలకూ దుకాణాలకూ తీసుకెళ్లారు. 'బంగారు గుడ్లు' అని వాళ్లకు ముద్దుపేరు. వాళ్లు దిగింది ఉయెనోలోనే. పాట వచ్చేసరికి మొదటి రైళ్లలో వచ్చినవాళ్లు నలభైకి దగ్గరపడ్డారు, ఇప్పుడు ఎనభై దాటారు. ఉయెనో, అవొమోరి అన్న రెండు పేర్లు ఒక పాటలో వినబడితే వాళ్లకు పోయిన ప్రేమ ఒక్కటే గుర్తొస్తుందా? ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ అమ్మ గుర్తు రాదా?

ఆ ఓడ దారికీ ఒక చరిత్ర ఉంది. 1954 సెప్టెంబరు 26న తుఫానులో 'తోయా మరు' అనే ఓడ మునిగి వెయ్యిమందికి పైగా చనిపోయారు. సముద్రం కింద సొరంగం తవ్వి తీరాలన్న పట్టుదల ఆ దుర్ఘటనతో గట్టిపడింది. 53.85 కిలోమీటర్ల సేకాన్ సొరంగంలో రైళ్లు 1988 మార్చి 13న మొదలయ్యాయి. నాలుగు గంటలకు కాస్త తక్కువ పట్టే ఆ రైల్వే ఓడ ప్రయాణం దానితో ముగిసిపోయింది. పాటలోని మనిషి అదే దారిన వెళదామన్నా ఇవాళ ఆ ఓడ లేదు. హక్కోదా మరు అనే పాత ఓడను అవొమోరి రేవులో ప్రదర్శనశాలగా నిలిపారు, ఆ దగ్గర్లోనే ఈ పాటకు శిలాఫలకం వేశారు. ఒక విరహగీతానికి రేవులో రాయి వేసి నిలబెట్టుకున్న జాతి అది. అలాంటి పాటను పేరు కూడా లేకుండా వాన బొమ్మ కింద పడేశారు.

ఈ పాటల్లో స్త్రీలు ఎప్పుడూ ఏడుస్తూ ఎదురుచూస్తారని ఒక విమర్శ ఉంది. రాసింది ఎక్కువగా మగవాళ్లేనన్నదీ నిజమే. మియాకో హరుమి పాడిన 'కితా నో యదో కరా'లో స్త్రీ, తొడుక్కోడని తెలిసిన మనిషి కోసం స్వెటర్ అల్లుతుంది. అది 1976లో జపాన్ రికార్డ్ అవార్డు తెచ్చుకున్న పాట, రాసింది మళ్లీ అకు యూనే. కానీ త్సుగారు పాటలోని స్త్రీ ఎవరి కోసమూ ఆగదు. లేచి వెళ్లిపోతుంది. విమర్శించేవాళ్లు ఆ పాట కూడా వినాలి.

మన చెవికి ఈ పాటలు పరాయిగా అనిపించకపోవడానికి కారణముంది. వీటిలో చాలావాటికి ఆధారం ఐదు స్వరాలే. మన శివరంజనిలో ధైవతాన్ని ఒక్క మెట్టు దించితే ఆ స్వరాల వరుస వస్తుంది. 1931లో కోగా మసావో కట్టిన 'సాకే వా నమిదా కా తమెఇకి కా' నుంచీ ఈ రకం బాణీలు జపాన్‌ను ఏలాయి. స్వరాన్ని పట్టి వణికించే పద్ధతిని కోబుషి అంటారు. గమకం విన్న చెవికి దాన్ని ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఆ వణుకు ఊపిరిలోంచి వస్తుంది. ఊపిరి ఒంట్లోంచి వస్తుంది. నా వాదనంతా ఆ ఒంటి గురించే.

గాయని ఫుజి కెయ్‌కో తండ్రి రోక్యోకు అనే కథాగానం పాడేవాడు, తల్లి షమిసెన్ అనే తీగవాద్యం వాయించేది. ఊరూరా తిరిగే ఆ బతుకులో పెరిగిన పిల్ల, 1970లో ఇరవై ఏళ్లయినా నిండకుండా, రెండు ఆల్బమ్‌లతో కలిపి వరుసగా 37 వారాలు జపాన్‌లో మొదటి స్థానంలో ఉంది. ఆ గొంతులో ఉన్న గరుకు ఎక్కడిదో వేరే చెప్పాలా? ఇక మిసోరా హిబారి. 1966లో 'కనషీ సాకే' పాడింది. ఆ బాణీ కూడా కోగాదే. వేదిక మీద ఆ పాట పాడుతుంటే ఆమె చెంపల మీద నీళ్లు కారేవి, శ్రుతి మాత్రం వెంట్రుకవాసి కదిలేది కాదు. 1988 ఏప్రిల్లో టోక్యో డోమ్‌లో పాడేనాటికి కాలేయం పాడైంది, తుంటి ఎముకలు క్షీణించాయి. అయినా నిలబడి పాడింది. మరుసటి ఏడాది జూన్ 24న 52 ఏళ్లకే పోయింది.

పోయిన ముప్ఫై ఏళ్లకు ఆమె చేత మళ్లీ పాడించారు. 2019లో కృత్రిమ మేధతో ఆమె గొంతు తయారుచేసి, కొత్త పాట కట్టి, ఆ ఏడాది డిసెంబరు 31 రాత్రి ఎన్‌హెచ్‌కే టీవీ ఏటా ప్రసారం చేసే కోహకు పాటల కార్యక్రమంలో తెర మీద నిలబెట్టారు. పాట మధ్యలో శ్రోతల్ని పలకరించే మాటలు కూడా పలికించారు. 1963లో జపాన్‌లో 81.4 శాతం రేటింగ్ తెచ్చుకున్న కార్యక్రమం అది. ఆ వేదిక మీద హిబారి ఒంటితో, ఊపిరితో ఎన్నోసార్లు పాడింది. గాయకుడు యమషిత తత్సురో ఆ ప్రయోగం అపచారమని రేడియోలో నిర్మొహమాటంగా అన్నాడు. నాదీ అదే మాట. హిబారి కుమారుడు ఒప్పుకున్నాడు కదా అంటారు. కొడుకు ఒప్పుకుంటే చట్టానికి సరిపోవచ్చు. తుంటి నొప్పితో నిలబడి పాడిన మనిషి గొంతును నొప్పి తెలియని యంత్రానికి ఇచ్చే హక్కు కొడుక్కైనా ఉందని నేను ఒప్పుకోను.

ఇది జపాన్ గొడవని మనం తప్పుకోలేం. 2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును తమ అనుమతి లేకుండా యంత్రంతో సృష్టించి వాడుకున్నారని ఆయన కుమారుడు చరణ్ 2024లో లీగల్ నోటీసు పంపారు. దాని మీద మన పత్రికల్లో నాలుగు రోజులు వార్తలు వచ్చాయి, తర్వాత అందరూ మరిచిపోయారు. బాలు గారు ఒక పాటలో ఎక్కడ ఊపిరి తీసుకున్నారో కంఠస్థంగా తెలిసిన శ్రోతలున్న రాష్ట్రాలివి. ఇక్కడైనా గట్టిగా అడ్డుచెప్పాల్సింది.

పేర్లు తీసేయడంతోనే ఇదంతా మొదలవుతుంది. పాటకు పేర్లు లేకుండా చేశాక, గొంతుకు మనిషి లేకుండా చేయడం ఎంతసేపు? ఆ పని మనమూ చేస్తున్నాం. 'దేవదాసు' పాటలంటే ఘంటసాల గారిని తలుచుకోనివారు లేరు. తెర మీద రచయితగా పేరు పడిన సముద్రాల రాఘవాచార్యను ఎందరు తలుచుకుంటారు? బాణీలు కట్టిన సి.ఆర్. సుబ్బరామన్ 1953లో ఆ సినిమా విడుదల కాకముందే, 1952లోనే కన్నుమూశారని ఏ ఎఫ్ఎం వ్యాఖ్యాత చెప్పగా విన్నారు? ఆకాశవాణిలో చిత్రం, రచన, సంగీతం, గానం అని వరుసగా చెప్పి పాట వేసేవారు. అది చెప్పడానికి పది సెకన్లు చాలు. ఇప్పుడు ఆ పది సెకన్లు కూడా ప్రకటనలకే పోతున్నాయి.

జపాన్ జనాభాలో 65 దాటినవారు ఇవాళ 29 శాతం. వాళ్ల కోసం అక్కడ ఇప్పటికీ ఎన్కా పాటల్ని క్యాసెట్ల మీద కూడా విడుదల చేస్తున్నారు. అట్ట మీద రచయిత పేరు, స్వరకర్త పేరు అచ్చు వేస్తున్నారు. పెద్దవాళ్లకు ఇచ్చే గౌరవం అంటే నాకు తెలిసి అదీ. ఎన్కా గాయని యషిరో అకి 2023 డిసెంబరు 30న, 73 ఏళ్ల వయసులో పోయింది. మొదట్లో బస్సు గైడుగా పనిచేసి, ఆపైన క్లబ్బుల్లో పాడి పైకొచ్చిన మనిషి. ఆమె 'ఫునా ఉతా' వినాలనుకుంటే ఆమె పేరుతోనే వెతికి వినండి. ఆ మాటలూ అకు యూవే.

ఇంట్లో పెద్దవాళ్లకు పాత పాటలు పెట్టే పిల్లలకు ఒక విన్నపం. పేర్లు లేని దండలు పెట్టకండి. ఏ పాట కావాలో వాళ్లనే అడగండి, ఎవరు రాశారో, ఎవరు పాడారో వాళ్ల చేతే చెప్పించుకోండి. ఎఫ్ఎంకు ఫోన్ చేసి పాట కోరుకునేవారు, ముందు రచయిత పేరు చదివి తర్వాతే పాట వేయమని అడగండి. వేయకపోతే మళ్లీ ఫోన్ చేయండి.