ఎండాకాలం గదా అంటే సరిపోతుందా?

పటాన్‌చెరు చుట్టుపక్కల పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, ఇస్నాపూర్. ఎటు వెళ్లినా చిన్న ఫ్యాక్టరీల పైకప్పుల మీద ఇప్పుడు సోలార్ పలకలు కనిపిస్తున్నాయి. పంచాయతీ రోడ్ల పక్కన సోలార్ వీధిదీపాలు నిలబడ్డాయి. చూడటానికి సంతోషంగానే ఉంటుంది. కానీ ఆ పలకలు పట్టిన కరెంటును దాచే బ్యాటరీలు ఎక్కడున్నాయో ఒకసారి అడిగి చూడండి. మెట్ల కింద, జనరేటర్ పక్కన, పడమటి ఎండ నేరుగా కొట్టే రేకుల షెడ్డులో ఉంటాయి. కంప్యూటర్ గదికి ఏసీ పెడతారు, ఆ కంప్యూటర్‌ను ఆగకుండా నడిపే బ్యాటరీకి గోడలో ఒక కిటికీ కూడా పెట్టరు.

ఆ గదిలోకి రోజూ వెళ్లేది ఒక్క హెల్పరే. డబ్బా కాలుతోందని ముందుగా తెలిసేదీ అతనికే. బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన పిల్లగాడైతే "గరమ్ హో గయా సాబ్" అంటాడు. మన పిల్లగాడైతే "సార్, డబ్బా మస్తు గరమైంది" అంటాడు. ఇద్దరికీ వచ్చే జవాబు ఒకటే. "ఎండాకాలం గదా, గరం కాకుంటే సల్లగుంటదా? నీళ్లు పోసి పో." ఈ మాట నేను సూపర్‌వైజర్ల నోట విన్నాను, పలకలు బిగించి డబ్బులు తీసుకున్న ఏజెన్సీ వాళ్ల నోట విన్నాను, ఇంజినీరింగ్ చదివిన మేనేజర్ల నోట కూడా విన్నాను. విన్న ప్రతిసారీ కడుపు మండిపోయింది.

ఒక గదిలో నాలుగు డబ్బాలు ఉన్నాయనుకోండి. ఎండ నాలుగింటి మీదా ఒకేలా పడుతుంది. అలాంటప్పుడు మూడు గోరువెచ్చగా ఉండి ఒక్కటి మాత్రం చెయ్యి పెట్టలేనంతగా కాలితే తప్పు ఎండది ఎలా అవుతుంది? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం జబ్బు తేలిపోతుంది. దానికి డిగ్రీ అక్కర్లేదు. ప్రతి డబ్బా పక్క భాగానికి దూరం నుంచి వేడి కొలిచే థర్మామీటర్ గురిపెట్టి, నాలుగు అంకెలు ఒక కాగితం మీద రాస్తే చాలు. చార్జింగ్ చివర్లో కొంత వేడి పుట్టడం సహజమే. కానీ లోపలి ద్రవం 50 డిగ్రీలు దాటితే చార్జింగ్ ఆపాల్సిందే.

ఒక్క డబ్బాయే కాలుతుంటే ముందుగా అనుమానించాల్సింది లోపల షార్టయిన సెల్‌ను. 12 వోల్టుల సీసం బ్యాటరీలో ఆరు సెల్‌లు ఉంటాయి. చార్జింగ్‌ను నడిపే కంట్రోలర్ 14.4 వోల్టులు పంపితే ఒక్కో సెల్‌కు 2.4 వస్తుంది. అడుగున పేరుకున్న మడ్డి వల్లో, ప్లేట్ల మధ్య పొర చిరిగిపోవడం వల్లో ఒక సెల్ చచ్చిపోయిందనుకోండి. ఆ సంగతి కంట్రోలర్‌కు తెలియదు, అదే 14.4 పంపుతూనే ఉంటుంది. అప్పుడు మిగిలిన ఐదింటి మీద ఒక్కోదానికి 2.88 వోల్టులు పడుతుంది. 2.4 దగ్గరే బుడగలు మొదలవుతాయి, 2.88 దగ్గర ద్రవం ఉడికిపోతుంది. వీధిదీపం పెట్టెలో సాధారణంగా ఒకే డబ్బా ఉంటుంది కాబట్టి అక్కడ జరిగేది సరిగ్గా ఇదే. నాలుగు డబ్బాల 48 వోల్టుల బ్యాంకులో ఆ భారం 23 సెల్‌లు పంచుకుంటాయి, అందువల్ల చావు నెమ్మదిగా వస్తుంది, అంతే తేడా. దీన్ని పట్టుకోవడానికి ద్రవం సాంద్రత కొలిచే, తక్కువ ధరకు దొరికే గాజు హైడ్రోమీటర్ చాలు. ఐదు సెల్‌లు 1.240 చూపుతూ ఒకటి మాత్రం ఎంత చార్జ్ పెట్టినా 1.100 దగ్గరే కూర్చుంటే దోషి దొరికినట్టే. డబ్బాను వైర్ల నుంచి విడదీసి కొన్ని గంటలు ఊరికే ఉంచితే, 12.7 చూపాల్సిన మీటర్ 10.5 దగ్గర ఆగిపోతుంది. డబ్బాల వరసలు రెండు ప్యారలల్‌గా కలిపిన చోట ఇంకో గుర్తు ఉంది. రాత్రి, పలకల నుంచి ఒక్క ఆంపియర్ కూడా రాని వేళ, ఆ డబ్బా ఇంకా వేడిగానే ఉంటుంది. మంచి వరస తన కరెంటును చెడ్డ వరసలోకి పోస్తూనే ఉంటుంది.

ఇంత సులువుగా తేలే విషయానికి ఆ గదిలో హైడ్రోమీటర్ ఎందుకు ఉండదు? ఉన్నా దాని రబ్బరు బుడ్డి పగిలిపోయి ఎందుకు పడి ఉంటుంది?

ఇక నాలుగు డబ్బాలూ సమానంగా కాలుతుంటే, అప్పుడు కూడా నేరం ఎండ ఒక్కదానిదే కాదు. సీసం బ్యాటరీ వేడెక్కే కొద్దీ చార్జింగ్ వోల్టేజీ తగ్గించాలి. సెల్‌కు, డిగ్రీకి 3 నుంచి 5 మిల్లీవోల్టులు. 25 డిగ్రీలకు పెట్టిన 14.4 వోల్టులు 45 డిగ్రీల షెడ్డులో సుమారు అర వోల్టు తగ్గాలి. మంచి కంట్రోలర్ ఆ పని తనంతట తనే చేస్తుంది. అందుకోసం కంపెనీ ఒక చిన్న సెన్సర్ తీగ కూడా ఇస్తుంది. దాన్ని డబ్బాకు అంటించాలి. నేను తెరిపించి చూసిన ఒక చోట ఆ తీగ కవర్ కూడా చింపకుండా కంట్రోలర్ అట్టపెట్టెలోనే ఉంది. బిగించినవాళ్లకు అది ఏమిటో తెలియదు, బిల్లు పాస్ చేసినవాళ్లు అడగలేదు. ఈ బ్యాటరీల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకు దాదాపు సగం అవుతుందన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న లెక్క. ఆరేళ్లు రావాల్సినవి మూడేళ్లకే, రెండేళ్లకే పోతుంటే "ఈ కంపెనీ మాల్ మంచిది కాదు" అని తీర్పు చెప్పి అదే షెడ్డులో కొత్తవి పెడతారు.

డబ్బా చల్లగా ఉండి టెర్మినల్ మాత్రమే కాలితే బోల్టు వదులైందని అర్థం. 50 ఆంపియర్లు పారే చోట ఓములో నూరో వంతు అడ్డు ఉన్నా 25 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. ఒక స్పానర్ పని అది.

"నీళ్లు పోసి పో" అన్న మాట దగ్గరికి వద్దాం. ఏ నీళ్లు? బ్యాటరీలో పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్. కొనడానికి పది రూపాయలు ఇవ్వరు కాబట్టి హెల్పర్ బోరు నీళ్లు పోస్తాడు. పటాన్‌చెరు బోరు నీళ్లు! నక్కవాగులో ఏం పారిందో ఈ ఊళ్లకు తెలుసు. ఇక్కడి కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టు గడప ఎక్కింది. ఇక్కడి శుద్ధి కేంద్రం వదిలిన నీళ్లలో ఒక యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రపంచానికి చెప్పారు. మనుషులు తాగలేని ఈ నేల నీళ్లలోని ఇనుము, క్లోరైడు ప్లేట్లను తినేస్తాయి, తనంతట తాను డిశ్చార్జ్ అయ్యే జబ్బు తెచ్చిపెడతాయి. వేడెక్కిన డబ్బాకు మందు అని పోసిందే దాన్ని చంపుతుంది.

డబ్బా చచ్చిపోతే పోనీ, డబ్బులే కదా అనుకోవచ్చు. కానీ ఉడికే బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో 4 శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. సీల్డ్ బ్యాటరీ ఉబ్బిపోయి కుళ్లిన గుడ్డు కంపు కొడుతోందంటే లోపల వేడి అదుపు తప్పిందని, విషవాయువు వస్తోందని అర్థం. ఆ గదిలోకి మళ్లీ పంపేది ఆ హెల్పర్‌నే. కళ్లద్దాలు ఉండవు, గ్లవ్స్ ఉండవు, యాసిడ్ పడితే కడుక్కోవడానికి పక్కన బకెట్ నీళ్లు కూడా ఉండవు.

ఈ నేల మీద వేడిని పట్టించుకోకపోతే ఏమవుతుందో మళ్లీ చెప్పాలా? 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో 50 మందికి పైగా పోయారు. కొందరి శరీరాలు కూడా ఇంటివాళ్లకు దొరకలేదు. యంత్రాలు పాతబడ్డాయని తన తండ్రి ఎన్నిసార్లు చెప్పినా యాజమాన్యం వినలేదని చనిపోయిన ఒక కార్మికుడి కొడుకు పోలీసులకు ఫిర్యాదు చేశాడు. అది బ్యాటరీ ప్రమాదం కాదు. కానీ కింది మనిషి చెప్పిన మాట పైమనిషి చెవికి ఎక్కకపోవడం రెండు చోట్లా ఉంది. అంతమంది పోయాక కూడా ఒక కుర్రాడు "గరమైంది సార్" అంటే "ఎండాకాలం గదా" అని కొట్టిపారేయడానికి నోరెలా వస్తుంది?

పాత డబ్బాలు ఎటు పోతున్నాయో కూడా ఎవరూ అడగరు. బరువులో సగానికి పైగా సీసమే కాబట్టి స్క్రాప్ వాళ్లు వెంటనే ఎత్తుకెళ్తారు. వాటిని తిరిగి సేకరించి సక్రమంగా కరిగించే బాధ్యత తయారీదారుదని 2022 నిబంధనలు చెబుతున్నాయి. రసీదు లేకుండా తూకానికి అమ్మేస్తే ఆ నిబంధన కాగితంగానే మిగులుతుంది. ప్రపంచంలో 80 కోట్ల దాకా పిల్లల రక్తంలో సీసం ప్రమాదకర స్థాయిలో ఉందని, దానికి ప్రధాన కారణాల్లో పెరట్లో బ్యాటరీలు పగలగొట్టి కరిగించే పని ఒకటని యునిసెఫ్ 2020లో చెప్పింది. ఆరేళ్లు బతకాల్సిన బ్యాటరీని రెండేళ్లకే చంపిన ప్రతి మేనేజర్ ఆ కొలిమికి మూడింతల సీసం పంపుతున్నాడు.

ఫ్యాక్టరీల యజమానులారా, పంచాయతీ కార్యదర్శులారా, మెయింటెనెన్స్ కాంట్రాక్టు కాగితం మీద చూడకుండానే సంతకం పెట్టే అధికారులారా! బ్యాటరీ గదిలో ఒక థర్మామీటర్, ఒక హైడ్రోమీటర్, ఒక నోటుబుక్కు పెట్టండి. గోడకు గాలి దారి తీయండి. ఆ సెన్సర్ తీగను కవర్ చింపి బిగించండి. అన్నిటికన్నా ముందు, డబ్బా కాలుతోందని చెప్పిన హెల్పర్‌కు స్విచ్ ఎక్కడుందో చూపించి, ఎవరినీ అడగకుండా ఆపేసే అధికారం అతని చేతికి ఇవ్వండి.