డాక్టరుగారి కారు

కారు ఇంటికి తెచ్చిన రోజు మా అమ్మ చేయని శాంతి లేదు. బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ వేసింది. కొబ్బరికాయ కొట్టించింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయతో దిష్టి తీసి, నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి 'నిమ్మళంగ పోనియ్యి బిడ్డా' అంది. ఇదంతా ఆ కారుకు ఏమీ కాకూడదని! కావలసిందంతా రెండేళ్ల కిందటే అయిపోయిందని మాకప్పుడు తెలీదు.

సెకండ్ హ్యాండ్ కారు కోసం తిరిగినవాళ్లు మీలో ఉంటే ఒక సంగతి గమనించే ఉంటారు. నగరంలో అమ్మకానికున్న కార్లన్నీ డాక్టర్లవే. కాకపోతే అమెరికా వెళ్లిపోతున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లవి. ట్రావెల్స్ వాళ్లు ఎన్ని కార్లు తిప్పుతున్నారో, అందులో ఒక్కటీ అమ్మకానికి రాదు! మాకు అమ్మినాయనా అదే చెప్పాడు. 'లేడీ డాక్టరు గారి బండి సార్. ఇంటికీ క్లినిక్కుకీ తప్ప తిరగలేదు. సింగిల్ ఓనర్, నాన్ యాక్సిడెంట్' అని. 2017 మోడల్. నాలుగు లక్షల పదిహేను వేలకు బేరం కుదిరింది. మా ఆవిడ చిట్టీ పాడుకున్న డబ్బు రెండు లక్షలు. మిగతాదాంట్లో సగం మా మామయ్యగారి దగ్గర చేబదులు.

మరి అంత డబ్బు పోస్తూ నేనేం చూశాను? రంగు చూశాను. అద్దంలా మెరుస్తోంది. ఏసీ వేసి చూశాను. చల్లగా ఉంది. మీటరులో 46 వేల కిలోమీటర్లుంది. మా పాప వెనక సీట్లో రెండుసార్లు ఎగిరి 'బాగుంది నాన్నా' అంది. దుకాణం దీపాల వెలుగులో, రాత్రి ఏడున్నరకు, రెండు కిలోమీటర్లు తిప్పి తెచ్చి సంతకాలు చేశాను. వృత్తిరీత్యా రోజూ పదిమందిని ప్రశ్నలడిగేవాణ్ని. ఆ రోజు మాత్రం ఒక్క ప్రశ్నా నోటికి రాలేదు.

మొదటి వానకే ముందు ఎడమ సీటు కింద కార్పెట్ తడిసింది. తలుపు సరిగా వేయలేదని పాపను కసిరాను. హైవే మీద ఎనభై దాటితే బండి ఎడమకు లాగేది. రోడ్డు అలా ఉందనుకున్నాను. నాలుగు వేల కిలోమీటర్లకే ముందు టైర్లలో ఒకటి లోపలివైపు అరిగిపోయింది. సూర్యాపేటలో అమ్మను దించడానికి వెళ్లినప్పుడు అక్కడో టైర్ల దుకాణంలో అలైన్‌మెంట్ చేయించబోయాను. ఆ కుర్రాడు ఒకటికి రెండుసార్లు ప్రయత్నించాడు. కంప్యూటర్ తెర మీద అంకెలు ఎర్రరంగులోంచి ఆకుపచ్చలోకి రానంటున్నాయి. చివరికి పానా కింద పెట్టేసి, 'అన్నా, ఇది అలైన్‌మెంట్‌తోని అయ్యేది కాదు. బండి ఎక్కడ్నో గట్టిగ గుద్దింది. మంచి మెకానిక్‌కు చూపియ్యి' అన్నాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

హైదరాబాద్ వచ్చాక మా వీధి చివర మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాను. పాతికేళ్లుగా ఇదే పని చేస్తున్న మనిషి. ఆయన ఇంజిన్ జోలికే పోలేదు. తలుపు తెరిచి, అంచు వెంబడి ఉండే రబ్బరు బీడింగును చేత్తో లాగాడు. కుడివైపు బీడింగు కింద రేకు మీద గుండ్రటి చిన్న గుంటలు వరుసగా, కొలిచి పెట్టినట్టు ఉన్నాయి. 'ఇవి ఫ్యాక్టరీల మిషను వేసిన స్పాట్ వెల్డింగులు సార్' అన్నాడు. ఎడమవైపు లాగాడు. అక్కడ గుంటల్లేవు. చెయ్యి పెడితే గరుగ్గా గడ్డలు కట్టిన వెల్డింగు, దాని మీద పుట్టీ, ఆ పైన రంగు. వాన నీళ్లు లోపలికి వచ్చే దారి కూడా అదే. పాపను ఊరికే తిట్టానన్నమాట.

ఆ తర్వాత ఒక్కొక్కటీ బయటపడింది. ఫెండరును బిగించే బోల్టుల తలలు చూపించాడు. ఫ్యాక్టరీలో బిగించాక రంగు వేస్తారు కాబట్టి వాటి మూలలు చెక్కుచెదరకుండా ఉండాలి. మా కారువి రంగు లేచిపోయి పానా గీతలతో ఉన్నాయి. ప్రతి అద్దం మూలనా కంపెనీ ముద్ర, తయారైన ఏడాదిని సూచించే గుర్తు ఉంటాయట. మాది 2017 కారు. ముందు అద్దం, ఎడమ తలుపు అద్దం మాత్రం వేరే కంపెనీవి, వేరే ఏడాదివి. అద్దం ఒకటి మారితే రాయి తగిలి పగిలి ఉండొచ్చు. ఒకే పక్కవి రెండు మారితే ఏమనుకోవాలి?

ఇంటికొచ్చాక ఫ్రిజ్ మీదున్న పాప బొమ్మల అయస్కాంతం ఒకటి పట్టుకెళ్లాను. కుడి తలుపుకి పెడితే అతుక్కుంది. ఎడమ తలుపు మధ్యలో పెడితే జారి కింద పడింది. రేకుకీ రంగుకీ మధ్య అంత పుట్టీ ఉందన్నమాట. ఇదే పనికి చిన్న మీటరు కూడా ఉంది. కంపెనీ వేసిన రంగు మందం మామూలుగా నూటికి కాస్త అటూ ఇటూగా మైక్రాన్లుంటుంది. పుట్టీ పెట్టిన చోట అది వందల్లోకి, ఒక్కోసారి వేలల్లోకి పోతుంది. కార్లు తనిఖీ చేసే వాళ్లందరి దగ్గరా ఉంటుందా పరికరం. మరి నేను కొనేముందు అలాంటి వాళ్లనెవరినైనా పిలిచానా? మా మెకానిక్‌కు ఓ ఐదొందలు ఇచ్చి వెంట తీసుకెళ్తే సరిపోయేది. ఆ ఐదొందలు మిగిల్చాను!

అసలు సంగతి మర్నాడు తెలిసింది. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. వెలిగి అలాగే ఉంటే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే... దాన్ని ఎవరో వెలగకుండా చేసినట్టు. మా కారులో వెలగడం లేదు. ఐదు నెలలుగా నడుపుతూ నేనది చూడనే లేదు. మెకానిక్ ఎడమవైపు డ్యాష్‌బోర్డు మూత మీద వేలితో రాసి చూశాడు. సన్నగా అతుకు తగిలింది. జాగ్రత్తగా లేపాడు. ఎయిర్‌బ్యాగ్ ఉండాల్సిన చోట పాత దినపత్రిక కాగితాలు కుక్కి ఉన్నాయి. ఏ పత్రికో చెప్పను.

ఆ సీట్లోనే కూర్చుని మా అమ్మ రెండుసార్లు సూర్యాపేట వెళ్లింది. విజయవాడ రహదారి మీద, వందకు దగ్గరగా తోలాను కూడా.

మెకానిక్ చెప్పిన ఇంకో మాట అప్పటినుంచీ బుర్రలో తిరుగుతోంది. కారు ముందు భాగాన్ని, అంటే వాళ్లు ఆప్రాన్లు అనే ఇనుప దూలాల్లాంటి వాటిని, గుద్దుకున్నప్పుడు ఓ పద్ధతిలో ముడతలు పడేలా తయారుచేస్తారు. దెబ్బలోని బలం ఆ ముడతల్లో ఖర్చైపోతే లోపల కూర్చున్నవాళ్ల దాకా రాదు. ఒకసారి ముడతపడిన దాన్ని గొలుసులేసి లాగి, వేడిచేసి, సుత్తితో సాపుచేసి, వెల్డింగు పెడితే చూడటానికి మామూలుగానే ఉంటుంది. రెండోసారి మాత్రం అది మొదటిసారిలా నలగదు. చిన్న చిన్న గీతలకూ సొట్టలకూ రంగు వేయించుకోవడం వేరు, ఇది వేరు. సొట్ట తీసిన కారు కొంటే నష్టం లేదు. మన ట్రాఫిక్‌లో సొట్ట పడని కారంటే నమ్మశక్యం కాదు కూడా.

అప్పుడు తీశాను కాగితాల ఫైలు. కొన్నప్పుడు ఇచ్చిందే. అందులో పాత బీమా పాలసీ ఉంది. 'నో క్లెయిమ్ బోనస్' అన్నచోట సున్నా. ఏ ఏడాది క్లెయిమ్ చేయకపోతే ఆ తర్వాతి ఏడాది సొంత నష్టం ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. వరసగా ఐదేళ్లు చేయకపోతే అది 50 శాతానికి చేరుతుంది. ఇంటికీ క్లినిక్కుకీ తప్ప తిరగని డాక్టరమ్మకు సున్నా ఎందుకొచ్చినట్టు? పాలసీ గడువు ముగిశాక 90 రోజుల్లోపు కట్టకపోయినా బోనస్ పోతుంది, అది నిజమే. ఈ బోనస్ కారుది కాదు, మనిషిది కాబట్టి యజమాని మారినా సున్నా నుంచే మొదలవుతుంది. అయితే సున్నా కనిపించినప్పుడు ఎందుకని అడగాలి కదా. కంపెనీ సర్వీసింగ్ సెంటరుకు వెళ్తే, 38 వేల కిలోమీటర్ల దగ్గర రికార్డు ఆగిపోయిందన్నారు. ఆ తర్వాత ఏడాదిన్నర ఈ బండి అక్కడికి రాలేదు. బయట ఎక్కడో నగదు ఇచ్చి చేయించిన పని ఏ కంప్యూటర్లోనూ ఎక్కదు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఎన్నో యజమాని, బీమా ఉందా, అప్పు మీదుందా వంటివి కనిపిస్తాయి. గుద్దిన సంగతి మాత్రం కనిపించదు.

కాగితాలన్నీ పట్టుకుని దుకాణానికి వెళ్లాను. టీ తెప్పించాడు. 'మేం కూడా వేలంలోనే కొన్నాం సార్, మాకేం తెలుసు?' అన్నాడు. మరి లేడీ డాక్టరు? 'అంటే... అలా చెప్పారు సార్'. డెలివరీ నోటు మీద 'ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నాను' అన్న లైను కింద నా సంతకం చూపించాడు. కాసేపయ్యాక, పోనీ వెనక్కి తీసుకుంటాను, రెండు లక్షల అరవై వేలిస్తానన్నాడు. ఐదు నెలల్లో అంత తగ్గుతుందా అంటే ఆయన ఇచ్చిన జవాబు నేనెప్పటికీ మర్చిపోను. 'యాక్సిడెంట్ బండి కదా సార్, అంతకంటే ఎవరు పెడతారు?'

మా మిత్రుడొకాయన లాయరు. ఆయన చెప్పింది మీక్కూడా పనికొస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అమ్మేవాడు లోపం గురించి నోరు మెదపకపోతే, అదొక్కటే మామూలుగా మోసం కిందికి రాదట. చూసుకోవాల్సింది కొనేవాడే. తెలిసి అబద్ధం చెప్తే మాత్రం మోసమే. అందుకే అడగాలి, అడిగిందానికి రాతలో జవాబు తీసుకోవాలి. అదృష్టం కొద్దీ బేరం రోజుల్లో అతను పంపిన వాట్సప్ సందేశం నా ఫోన్లో ఇంకా ఉంది. 'నాన్ యాక్సిడెంట్ గ్యారంటీ సార్' అని. పక్కన చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాడు. వ్యాపారి దగ్గర కొన్నాం కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2019 చట్టం వచ్చాక మనం ఉంటున్న చోటే ఫిర్యాదు చేసుకునే వీలుంది. గడువు రెండేళ్లు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ముందుగా 1915 హెల్ప్‌లైనుకు చెప్పుకోవచ్చు. అదే పక్కింటాయన దగ్గర ఆయన సొంత కారు కొంటే ఈ దారి లేదు. ఆయన వ్యాపారి కాదు కాబట్టి సివిల్ కోర్టే గతి. ఇంకో సంగతి, పాత వాహనాలు అమ్మే డీలర్లు రవాణా శాఖ దగ్గర నమోదై అధీకృత పత్రం తీసుకోవాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన అమల్లో ఉంది. మా వాణ్ని ఆ పత్రం చూపించమంటే టీ చల్లారిపోతోందన్నాడు.

లాయరు మిత్రుడు గట్టిగా చెప్పిందొకటుంది. తనిఖీ నివేదిక రాతపూర్వకంగా తీసుకుని, ఫొటోలు తీసేవరకూ రిపేరు చేయించొద్దన్నాడు. సాక్ష్యం మనమే చెరిపేసుకున్నట్టవుతుందట.

మునిగిన కార్ల గురించి కూడా ఆ మెకానిక్కే చెప్పాడు. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో కార్లు పైకప్పుల దాకా నీళ్లలో ఉండటం టీవీల్లో చూశాం. అవన్నీ ఎక్కడికి పోయాయంటారు? రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని పూర్తి నష్టం కింద కట్టి డబ్బులిచ్చేస్తుంది. ఆ బండి మాత్రం తుక్కయిపోవాలని లేదు. ఎవరో చవగ్గా కొని బాగుచేస్తారు. అలాంటిది చేతికొస్తే ముందు సీటుబెల్టును పూర్తిగా చివరిదాకా లాగి చూడమన్నాడాయన. కారంతా కడుగుతారు, చుట్టలోపలి బెల్టును కడగడం మర్చిపోతారు. అక్కడ బురద చార ఉంటుందట. సీట్ల కింద పట్టాలకు తుప్పు, లోపల అత్తరు ఘాటు ఉన్నా అనుమానించాల్సిందే.

ఇక మా కారు. తనిఖీ నివేదిక వచ్చింది, నోటీసు వెళ్లింది, ఫిర్యాదు దాఖలైంది. రెండు వాయిదాలయ్యాయి. ఈలోగా మా బావమరిది ఓ సలహా ఇచ్చాడు. 'బావా, ఈ కేసులూ కోర్టులూ ఎందుకు? ఇంకోసారి పాలిష్ కొట్టించి నువ్వూ అమ్మేయి. నీకు తెలిసిందా కొనేటప్పుడు? వాళ్లకూ తెలీదు'. అబద్ధమెందుకు, ఒక రాత్రంతా ఆ లెక్కే వేశాను. మామయ్యగారి బాకీ అలాగే ఉంది మరి.

ఆ వారమే మా అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో కొత్తగా దిగిన దంపతులు అడిగారు. 'అన్నయ్యా, కారు వాడటం లేదు కదా, అమ్ముతారా?' అని. వాళ్ల చంటిబిడ్డకు ఆర్నెల్లు కూడా నిండలేదు. మంచి ధరే చెప్పారు. ఆవిడ ముందు సీటు తలుపు తీసి బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వెనకనుంచి మా ఆవిడ నా వైపు చూస్తోంది. నేను వెళ్లి బీడింగు లాగాను. పాప అయస్కాంతం తెచ్చి తలుపుకి పెట్టాను. డ్యాష్‌బోర్డు మూత ఎత్తి లోపల చూపించాను. ఆవిడ గబుక్కున దిగిపోయింది. పాపం, కాఫీ కూడా తాగకుండా వెళ్లారు.

వచ్చే నెల పద్నాలుగున మళ్లీ వాయిదా ఉంది. కారు మా పార్కింగులో కవరు కప్పుకుని ఉంది. అమ్మ మొన్న ఫోన్ చేసి 'కారెప్పుడు తెస్తవ్ బిడ్డా, యాదగిరిగుట్టకు పోదామంటివి' అంది. సర్వీసింగుకు ఇచ్చానని చెప్పాను. 'ఇన్నొద్దులా?' అంది. ఈ ఆదివారం బస్సులోనే వెళ్తున్నాం.