బరువు నెత్తించువారి బాధ్యత

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల మెట్టరైతునకు వేసవి వచ్చినదనగా రెండు భయములు. బోరులో నీరు దిగిపోవునేమో యన్నది మొదటిది. దిగిపోయిన నీటిని వెదకుకొనుచు మోటారును పైకి తీసి, మఱికొన్ని గొట్టములు చేర్చి, మరల దింపవలసివచ్చునేమో యన్నది రెండవది. మొదటి భయమును గూర్చి పత్రికలు వ్రాయుచునే యున్నవి. రెండవదానిని గూర్చి వ్రాయువారు అరుదు. ఏలనన, ఆ పనిని రైతు స్వయముగా చేయడు. ముక్కాలి స్టాండును, గొలుసు కప్పీని వెంటబెట్టుకొని నలుగురైదుగురు మనుష్యులు వచ్చి చేసిపోవుదురు. వారి చేతులతో జరుగు పని గావున అందలి అపాయము కూడ వారిదే యని మనము తలచుచున్నాము. ఈ తలంపు తప్పని చెప్పుట మా యుద్దేశము.

గడచిన యెండకాలమున ఉదయగిరి సమీపమునందలి యొక చేనిలో మేము ఇట్టి పనిని కన్నులార చూచితిమి. ముక్కాలి కాళ్లలో రెండు గట్టినేలపైనను, మూడవది త్రవ్విపోసిన మెత్తని మట్టిపైనను నిలిచియుండెను. కప్పీ యెంత బరువునకు తగినదో తెలుపు అక్షరములు తుప్పులో కలిసిపోయినవి. కొక్కెము నోటికి అడ్డముగా నుండవలసిన నాలుక ఎప్పుడో ఊడిపోగా, దానికి బదులు నైలాను త్రాడు చుట్టియుండిరి. లోపల మోటారు ఇఱుకుకొని గొలుసు బిగిసినంతనే, లాగుచున్న మనిషికి తోడుగా మఱి యిద్దఱు గొలుసు పట్టుకొని వ్రేలాడిరి. మోటారు కదలలేదు గాని క్లాంపు జాఱినది. పైకి వచ్చిన గొట్టముల వరుస యంతయు క్షణములో బోరులోనికి దిగిపోయినది. బోరు నోటివద్ద చేయి యుంచిన యువకుని వ్రేళ్లు రెండు నలిగినవి. ఆ సాయంకాలము రచ్చబండపై మోటారు ఖరీదు ఎంత, గొట్టముల ఖరీదు ఎంత, క్రొత్త బోరున కెంత యగును అను లెక్కలు చాలసేపు సాగినవి. వ్రేళ్ల మాట ఎవరును ఎత్తలేదు. ఆ పిల్లవాడు పొరుగూరివాడట!

ఇట్టివానిని విధికి విడిచిపెట్టుట మనకు పరిపాటి. లెక్క వేసి చూచినచో ఇందు విధి పాలు స్వల్పము. రెండంగుళముల యినుప గొట్టము ఇరువది యడుగుల తుండు ఒక్కటి సుమారు 31 కిలోలు తూగును. ఆఱువందల అడుగుల లోతునకు 30 తుండ్లు పట్టును. అనగా 930 కిలోలు. నీటిని వెనుకకు పోనీయని కవాటము అడుగున నుండుటచే గొట్టముల నిండ నీరు నిలిచియుండును. అది మఱి 400 కిలోలు. మోటారు, పంపు, తీగ వీని బరువు వేఱు. అంతయు కలిసి పదునాలుగువందల కిలోలకు చేరును. దీనిని ఒక టన్ను కప్పీకి తగిలించి దైవముపై భారము వేయుట భక్తి యనిపించుకొనదు. మోటారు బురదలోనో రాళ్ల నడుమనో ఇఱుకుకొన్నదా, ఇక గొలుసుపై పడు బలమునకు మేర యుండదు. లోతెంతయో, గొట్టము లెన్నియో ఎఱిగినవాడు రైతు. కొన్నవాడు అతడే, దింపించినవాడు అతడే. ఈ లెక్కను పని మొదలిడుటకు ముందే మేస్త్రికి చెప్పవలసినవాడును అతడే.

గొలుసు కప్పీ చిన్న వస్తువువలె కనబడును గాని చిన్న యుపాయము కాదు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలమున థామస్ వెస్టన్ అను నాతడు కొంచెము హెచ్చుతగ్గు వ్యాసములు గల రెండు చక్రములను ఒకే యిరుసుపై బిగించి, వానిపై ఒకే గొలుసును నడపి, ఒక్క మనిషి చేతిబలముతో మిక్కిలి బరువు లేచునట్లు చేసెను. నేటి కప్పీలలో పండ్లచక్రములు ఆ పని చేయుచున్నవి. చేయి విడిచినను బరువు జాఱకుండ లోపలి బ్రేకు పట్టియుంచును. చేతిగొలుసును అడుగుల కొలది లాగినగాని బరువు అంగుళము లేవదు. ఇందులోనే యొక సులభమైన పరీక్ష యిమిడియున్నది. పల్లెలలో వాడు ఒక టన్ను కప్పీకి తగిన బరువైనచో ఒక్క మనిషి లాగిన చాలును. ఒక్కనివలన కాకపోయెనా, బరువు మితిమీఱినదని గాని, లోపల ఏదో చెడినదని గాని కప్పీయే చెప్పుచున్నదన్నమాట. అప్పుడు చేయవలసినది పని ఆపుట. మనము చేయుచున్నది మఱి యిద్దఱను పిలుచుట.

త్రాళ్ల విషయమునను ఇట్టి భ్రమయే కలదు. ఆలయముల మరమ్మతులకు, పాత యిండ్ల దూలములు దింపుటకు రెండు త్రాళ్లు కట్టి, బరువు చెఱిసగము పంచుకొన్నదని ధైర్యపడుదురు. త్రాళ్లు నిట్టనిలువుగా నున్నంతవఱకే అది నిజము. అవి వాలి 45 డిగ్రీలకు వచ్చినచో ఒక్కొక్క త్రాటిపై బరువులో నూటికి 71 పాళ్లు పడును. నేలకు 30 డిగ్రీల దగ్గఱకు దిగినచో ఒక్కొక్కదానిపై బరువంతయు పడును. గ్రానైటు రాయి ఘనపుటడుగు సుమారు 76 కిలోలు. పదియడుగుల పొడవును, అడుగు వెడల్పును, అడుగు మందమును గల దూలము 760 కిలోలన్నమాట. పొట్టి త్రాళ్లతో దీనిని పట్టుకొన్నవాడు తాను రెండు దూలముల నెత్తుచున్నానని తెలిసికొనడు! ఉక్కు త్రాటి విషయమున ఒక గట్టి నియమము కలదు. త్రాటి వ్యాసమునకు ఎనిమిది రెట్ల పొడవులో కంటికి కనబడు తెగిన తీగలు మొత్తము తీగలలో నూటికి పదిని మించినచో దానిని ఎత్తుడు పనికి వాడరాదు. అది దడి కట్టుటకు పనికివచ్చును. నోరు విచ్చిన కొక్కెమును కొలిమిలో కాల్చి వంచి మరల వాడు అలవాటు కొన్నియెడల నున్నది. కాల్చిన కొక్కెమునకు పూర్వపు సత్తువ యుండదు. అది పాతయినుములో పడవలసినదే.

బరువులను కదల్చు విద్య ఈ సీమకు క్రొత్తది కాదు. ఉదయగిరి దుర్గమును కృష్ణదేవరాయలు 1514లో గజపతులనుండి గైకొని, అచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు తరలించి, 1515లో ప్రతిష్ఠించెను. వెలిగొండల కీవలనుండి తుంగభద్రాతీరమునకు జరిగిన ప్రయాణమది. (ఆ విగ్రహము నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమున నున్నది, ఉదయగిరికి మాత్రము మరల రాలేదు.) ఆ కాలమునకు గొలుసు కప్పీలు లేవు. మీట, దొర్లుకఱ్ఱ, మోకు, ఎద్దులు, మనుష్యుల భుజములు, ఇంతియే సాధనములు. అట్టి సాధనములతో పని సాగవలెనన్న ఒక కట్టుబాటు తప్పదు. ఒక్కని కేకకే అందఱు లాగవలెను. ఒక్కని కేకకే అందఱు ఆగవలెను. బావులు త్రవ్వి రాళ్లు తీయు వడ్డెర పనివారియందు ఈ కట్టుబాటును నేటికిని చూడవచ్చును. బోరు కడ నది కానరాదు. మేస్త్రి యొకటి చెప్పును, యజమాని మఱియొకటి చెప్పును, వేడుక చూడవచ్చిన పెద్దమనుష్యులు తలకొక మాట చెప్పుదురు. పనివాడు ఎవరి మాట వినవలెను? యజమాని తన పొలములోనే యైనను ఆ గంటసేపు నోరు మూసికొనుట గొప్ప సహాయమని మా యభిప్రాయము.

గొలుసును చూచుకొనని దోషము బీదరైతుదే యని యెవరును అనుకొనరాదు. 2024 ఆగస్టు 10వ తేది రాత్రి తుంగభద్ర ఆనకట్టలో 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయినది. 1953లో పూర్తియైన ఆనకట్ట యది. ప్రవాహములోనే అడ్డుపలకలు దింపి గండిని మూయుటకు వారము దినములు పట్టినది. ఎంతయో విలువైన నీరు నదిపాలైనది. ఇంజనీర్లును, కార్యాలయములును, రిజిస్టర్లును గల చోటనే ఇట్లు జరిగినప్పుడు, ఏ రిజిస్టరును లేని చేనిలోని గొలుసు మాట చెప్పనేల?

శాసనము లేకపోలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 29వ సెక్షనులోనే ఎత్తుడు యంత్రములు, గొలుసులు, త్రాళ్లు పండ్రెండు నెలల కొకసారియైనను సమర్థుడగువానిచే పరీక్షింపబడవలెననియు, అవి మోయగల బరువు తెలియబడవలెననియు, అంతకు మించి ఎత్తరాదనియు విధించిరి. 1996లో కట్టడపు కార్మికులకు వేఱు చట్టము వచ్చినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రతా స్మృతి ఈ పాత చట్టములను తనలో కలుపుకొన్నది. ఇవన్నియు కర్మాగారపు ద్వారమువఱకును, పెద్ద కట్టడముల కంచెవఱకును నడచినవి. మెట్టచేనిలో ఒక పూట నిలిచి మఱునాడు వేఱు గ్రామమునకు పోవు ముక్కాలిని చూడ తనిఖీదారు రాడు. వచ్చునని ఆశించుటయు వ్యర్థము. ఆ లోటును పూరింపగలవాడు పని చెప్పి కూలి యిచ్చు యజమాని యొక్కడే.

కూలి యిచ్చు పద్ధతియందును చిక్కు కలదు. మోటారు పైకి తీసి దింపుటకు ఇంతయని గుత్తకు మాటాడుదురు. ఎంత త్వరగా ముగించిన అంత లాభము. ఒకనాడు రెండు చేలు ముగించిన మఱింత లాభము. ముక్కాలి కాళ్లక్రింద పలకలు వేయుటకు, కాళ్లు విడిపోకుండ గొలుసుతో కట్టుటకు, క్లాంపు మఱలను బిగించి చూచుటకు పట్టు అరగంటకు ఆ గుత్తలో కాసు లేదు. రైతు ఆ యరగంటకు ధర కట్టి, అది జరిగినదని కన్నులతో చూచి ఈయవలెను. ఒక మోటారు బోరులో పడిపోయిన కలుగు నష్టముతో పోల్చిన ఇది యెంత?

విద్యుత్తు మాట వేఱుగా చెప్పవలసియున్నది. ఇరువది యడుగుల యినుప గొట్టమును నిలువుగా ఎత్తునపుడు పైని 11 వేల వోల్టుల తీగ యున్నచో, అది తాకనక్కఱలేదు. మిక్కిలి సమీపించిన చాలును. గొట్టమును పట్టుకొన్నవా రందఱు ఒక్కసారిగా పోవుదురు. తీగక్రింద బోరు వేయించినవారు పని రోజున విద్యుత్తు శాఖవారిని అడిగి లైను నిలిపించుకొనవలెను. శాఖవారును రైతును నాలుగు దినములు త్రిప్పక ఆ గంటసేపు లైను నిలిపి, నిలిపితిమని లైనుమనుష్యుని నోట చెప్పింపవలెను. స్టార్టరు ఆపితిమి గదా యని తృప్తిపడువారు స్టార్టరు ఆపినంతమాత్రమున పైతీగలో కరెంటు పోదని తెలిసికొందురు గాక.

పంచాయతీలకు ఒక పని సూచించుచున్నాము. వేసవికి ముందు ఒకదినము నిర్ణయించి, గ్రామమునకు వచ్చు ముక్కాలి బృందముల నందఱిని పిలిచి, ఐ.టి.ఐ.లలో యంత్రములు నేర్పు ఉపాధ్యాయు నొకని రప్పించి, గొలుసు కప్పీలను చూపించవలెను. గొలుసు, కొక్కెము, బ్రేకు బాగుగా నున్నవని ఆయన చెప్పినవానికి మాత్రమే బరువుపరీక్ష. ఒక టన్ను కప్పీకి పరీక్షాభారము 1250 కిలోలు. అనగా యాబది కిలోల సిమెంటు బస్తాలు 25. వానిని పలకపై పేర్చి, నేలనుండి ఒక యడుగుమాత్ర మెత్తి, చుట్టునున్నవారిని దూరముగా నిలిపి, పది నిమిషములు చూడవలెను. జాఱకుండ నిలిచిన కప్పీపై అది మోయదగిన బరువును, తేదీని రంగుతో వ్రాయించవలెను. ఇందులకు కావలసిన సిమెంటు ఏ యూర చూచినను కట్టుచున్న యిండ్ల ముందు ఉండనే యున్నది. పరీక్ష ముగియగనే యజమానికి తిరిగి యిచ్చివేయవచ్చును.