పైల్ పునాదుల్లో గట్టి ఉక్కు: చువ్వలు తగ్గించవచ్చునా?

భీమవరం: గోదావరి డెల్టాలో పైన మెత్తటి బంకమన్ను, గట్టి పొర ఎంతో లోతున. అందువల్ల బహుళ అంతస్తుల భవనాలకు నేలలోకి రంధ్రం తొలిచి, ఇనుప చువ్వల పంజరం దించి, కాంక్రీటు నింపే పైల్ పునాదులను ఆశ్రయించవలసి వస్తోంది. ఒకప్పుడు 415 గ్రేడ్ చువ్వలతో సాగిన పని నేడు 500, 550 గ్రేడ్‌లకు చేరింది. 2008 నాటి ఐఎస్ 1786 ప్రమాణంలో 600 గ్రేడ్‌కూ చోటుంది. 'ఇనుము గట్టిదే కదా, నాలుగు చువ్వలు తగ్గిద్దాం' అనే వాదన ఇక్కడే పుడుతుంది.

చదరపు మిల్లీమీటరుకు అన్ని న్యూటన్ల ఒత్తిడి వరకు చువ్వ లొంగకుండా నిలుస్తుందని గ్రేడ్ అంకెకు అర్థం. ఆ లెక్కన 415 స్థానంలో 550 వాడితే కాగితంపై దాదాపు నాలుగో వంతు ఇనుము ఆదా. అయితే పైల్స్‌కు సంబంధించిన ఐఎస్ 2911 (2010) ప్రకారం, ఉక్కు ఏ గ్రేడ్‌దైనా సరే, నిలువు చువ్వల వైశాల్యం పైల్ అడ్డుకోత వైశాల్యంలో 0.4 శాతానికి తగ్గరాదు. మీటరు వ్యాసం గల పైల్‌కు ఇది 20 మిల్లీమీటర్ల చువ్వలు పది. 415కైనా పదే, 600కైనా పదే. కేవలం నిలువు భారం మోసే పైల్స్‌లో చాలాచోట్ల ఈ కనీస పరిమితే వర్తిస్తుంది కనుక అక్కడ ఆదా అన్న మాటే లేదు.

మరో సంగతి. గ్రేడ్ పెరిగినంత మాత్రాన ఉక్కు బిగువు పెరగదు. నిలువు భారం కింద కాంక్రీటు తన హద్దు మేరకు కుదించుకునే వేళకు చువ్వపై పడే ఒత్తిడి సుమారు 400 న్యూటన్లే. మిగిలిన బలానికి డబ్బు చెల్లించి భూమిలో పాతిపెట్టడమే అవుతుంది.

వంతెనల సంగతి వేరు. నది కోత, ప్రవాహపు తోపు, భూకంపం వల్ల పైల్ పక్కకు వంగుతుంది. దానికి తట్టుకునేందుకు చువ్వలు కిక్కిరిసిపోతే గొట్టం ద్వారా పోసే కాంక్రీటు పంజరం దాటి అంచులకు చేరక ఖాళీలు మిగులుతాయి. అక్కడ గట్టి ఉక్కు నిజంగా మేలు. చువ్వలు తగ్గి, కాంక్రీటుకు దారి దొరుకుతుంది. అయితే తక్కువ చువ్వలపై ఎక్కువ ఒత్తిడి పడటంతో పగుళ్లు వెడల్పవుతాయి. ఉప్పునీటి నేలల్లో దీన్ని విస్మరించరాదు. చువ్వల అతుకు పొడవు కూడా 415తో పోలిస్తే 550కి మూడో వంతు దాకా పెరగాలి. పాత కొలతతోనే అతికితే కొన్న బలం అతుకు దగ్గరే పోతుంది. భూకంప నిరోధక నిర్మాణాల్లో అయితే చువ్వకు కనీసం 14.5 శాతం సాగే గుణం ఉండాలి.

ఫ్లాటు కొనేవారు నకాశాలోని గ్రేడ్‌నూ, చువ్వల సంఖ్యనూ, ఉక్కు పరీక్ష పత్రాన్నీ అడిగి చూడవచ్చు. తర్వాత జరిపే భార పరీక్ష పైల్ ఎంత మోస్తుందో చెబుతుందే గాని లోపల ఎన్ని చువ్వలున్నాయో చెప్పదు. వాటిని లెక్కపెట్టగలిగేది పంజరం రంధ్రంలోకి దిగకముందే.